‘ఎందుకు?’ మరిచిపోతే... రాకెట్టైనా కూలుతుంది!

స్థలం కొనేముందు లింకు డాక్యుమెంట్లు చూస్తాం. ఈయనకు ఎవరు అమ్మారు, వాళ్లకు ఎలా వచ్చిందీ అంటూ వెనక్కి వెళ్లి ఆరా తీస్తాం. మరి మన బ్యాంకు ఖాతాల్నీ విమానాల్నీ ఆసుపత్రి యంత్రాల్నీ నడిపే సాఫ్ట్‌వేర్ సంగతేంటి? దానికీ లింకు డాక్యుమెంట్లు ఉండాలి. అవి దొరక్కపోతే ఏమవుతుందో, దొరికేలా చేయడానికి ‘మాటల వంశవృక్షం’ ఎలా సాయపడుతోందో చూద్దామా!

అది 1996 జూన్ 4. దక్షిణ అమెరికా ఖండంలోని ఫ్రెంచ్ గయానా. అక్కడి కౌరూ అంతరిక్ష కేంద్రం నుంచి ఏరియన్-5 రాకెట్ తొలిసారి నింగికి ఎగిరింది. ఐరోపా దేశాలు కలిసి ఏళ్ల తరబడి కష్టపడి తయారుచేసిన రాకెట్ అది. లోపల నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు. భూమి చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని సౌరగాలి ఎలా తాకుతుందో పరిశీలించడం వాటి పని.

దాదాపు 40 సెకన్లు గడిచాయి. అప్పటికి ఎత్తు సుమారు 3,700 మీటర్లు. ఉన్నట్టుండి రాకెట్ దారి తప్పి పక్కకు తిరిగింది. గాలి ఒత్తిడికి ముక్కలైంది. పేలిపోయింది.

ఇంజిన్ బాగానే ఉంది. వాతావరణం అనుకూలంగానే ఉంది. మరి తప్పెక్కడ? రాకెట్ ఎటు వెళుతోందో లెక్కకట్టే పరికరంలోని సాఫ్ట్‌వేర్‌లో! విచిత్రమేంటంటే, అది కొత్తగా రాసిందేమీ కాదు. అంతకుముందు ఏరియన్-4 రాకెట్లలో చక్కగా పనిచేసిందే.

సోలలో కుంచెడు బియ్యం

ఫ్రాన్స్‌కు చెందిన గణిత శాస్త్రవేత్త జాక్వెస్ లూయీ లయన్స్ నేతృత్వంలో విచారణ సంఘం వేశారు. నెలన్నర తిరగకుండానే, జులై 19 నాటికి నివేదిక సిద్ధమైంది. అందులో తేలింది ఇదీ...

రాకెట్ పక్కకు ఎంత వేగంతో కదులుతోందన్న దానికి సంబంధించిన ఓ అంకె ఉంది. దాన్ని 64 బిట్ల పెద్ద గది నుంచి 16 బిట్ల చిన్న గదిలోకి మార్చాలి. ఆ చిన్న గదిలో పట్టే అతిపెద్ద అంకె 32,767. ఏరియన్-4 విషయంలో ఇబ్బంది లేదు. ఏరియన్-5 తీరు వేరు. తొలి క్షణాల్లోనే దాని పక్కవేగం అంతకన్నా బాగా ఎక్కువ. దాంతో సోలలో కుంచెడు బియ్యం పోసినట్లయింది. సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. సాయంగా ఉంటుందని పెట్టిన రెండో పరికరమేం చేసింది? దాంట్లోనూ ఉన్నది అదే సాఫ్ట్‌వేర్ కాబట్టి అదీ అప్పటికే ఆగిపోయింది! ఆగిపోతూ పరికరం పంపిన లోపం తాలూకు సంకేతాన్ని ప్రధాన కంప్యూటర్ నిజమైన సమాచారం అనుకుంది. ఇంజిన్ల గొట్టాల్ని పూర్తిగా ఓ వైపు తిప్పేసింది. అంతే!

ఇంతకన్నా ఆశ్చర్యపరిచే విషయం మరొకటుంది. అసలు ఆ లెక్క చేస్తున్న భాగంతో రాకెట్ నేలను వదిలాక పనే లేదు. అది పరికరాన్ని ఎగిరేముందు సరిచూసుకోవడానికి ఉద్దేశించింది. మరి పైకి వెళ్లాక కూడా ఎందుకు నడుస్తోంది? ఏరియన్ పాత రాకెట్లలో చివరి సెకన్లలో కౌంట్‌డౌన్ ఆపాల్సివస్తే, మళ్లీ మొదటి నుంచి సరిచూసుకోవడానికి ముప్పావుగంటకు పైగా పట్టేది. ఆ తిప్పలు తప్పించడానికి దాన్ని మరికాసేపు నడవనిచ్చే ఏర్పాటు చేశారు. 1989లో ఒకసారి పనికొచ్చింది కూడా. ఏరియన్-5కి ఆ అవసరం లేదు. అయినా ‘బాగా పనిచేస్తున్నదాన్ని కదపడమెందుకు’ అన్నట్లు అలాగే ఉంచేశారు.

కాగితం ఉంది... కనపడలేదు

అలాంటి గదులు మారే అంకెలు మొత్తం ఏడు ఉన్నాయని ఇంజినీర్లు ముందే గుర్తించారు. కంప్యూటర్ మీద భారం 80 శాతం దాటకూడదన్నది నియమం. అందుకని నాలుగింటికే రక్షణ పెట్టి మూడింటిని వదిలేశారు. అవి హద్దు దాటే అవకాశం లేదన్నది వాళ్ల లెక్క. తెలియక చేసిన పని కాదు, కూర్చుని మాట్లాడుకుని తీసుకున్న నిర్ణయమే. పైగా, పరికరం అవసరాల జాబితాలో ఏరియన్-5 ప్రయాణ మార్గం వివరాల్ని చేర్చకూడదనీ ఉమ్మడిగా అనుకున్నారు.

ఆ మూడింటినీ ఎందుకు వదిలేశామన్న వివరణ సాఫ్ట్‌వేర్ కోడ్‌లో ఎక్కడా లేదు. కోడ్ నుంచి ఆ వివరణకు దారీ లేదు. కావాలని దాచకపోయినా, కుప్పల కొద్దీ పత్రాల మధ్య ఆ నిర్ణయం బయటివాళ్ల కంటికి ఆనకుండా పోయిందని విచారణ సంఘం తేల్చింది. కాగితాలకు కొదవ లేదు. లేనిదల్లా ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి దారి. కాబట్టి ‘ఈ లెక్క ఏరియన్-4కి సరే, ఏరియన్-5కి కూడా సరేనా?’ అన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు.

ఆ దారినే సాఫ్ట్‌వేర్ రంగంలో ట్రేసబిలిటీ అంటారు. మన భాషలో చెప్పాలంటే జాడ తీయడం.

సాఫ్ట్‌వేర్‌కీ లింకు డాక్యుమెంట్లు

ఏ సాఫ్ట్‌వేరైనా ఓ అవసరంతోనే మొదలవుతుంది. దాన్ని వాళ్లు రిక్వైర్‌మెంట్ అంటారు. ‘ఖాతాలో డబ్బు తక్కువగా ఉంటే ఖాతాదారుడికి చెప్పాలి’ అన్నది ఒక రిక్వైర్‌మెంట్. దాన్నిబట్టి నమూనా గీస్తారు. నమూనాని బట్టి కోడ్ రాస్తారు. సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్షలు చేస్తారు. ఈ నాలుగింటినీ దండలో దారంలా కలిపేదే ట్రేసబిలిటీ.

దీని గురించి లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీకి చెందిన ఓర్లెనా గోటెల్, ఆంథొనీ ఫింకెల్‌స్టీన్ 1994లో ఓ పరిశోధన పత్రం వెలువరించారు. ఈ రంగంలో ఇప్పటికీ అందరూ దాన్నే తలుచుకుంటారు. ఒక అవసరం పుట్టింది మొదలు దాని జీవితాన్నంతా ముందుకీ వెనక్కీ అనుసరించగలగడమే ట్రేసబిలిటీ అన్నారు వాళ్లు. వందమందికి పైగా నిపుణుల్ని కదిలించి చూస్తే ఓ సంగతి బయటపడింది. అవసరాన్ని కాగితం మీద పెట్టాక ఏం జరిగిందో కొంతైనా దొరుకుతోంది. కాగితం మీద పెట్టకముందు... అంటే ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు, ఎవరు ఒప్పుకున్నారు అన్న జాడే దొరకడంలేదు. అసలు చిక్కంతా అక్కడే ఉందన్నారు.

విమానాల విషయంలో ఇది ఇష్టమైతే చేసే పని కాదు. విమానాల్లో వాడే సాఫ్ట్‌వేర్‌కి డీఓ-178సీ అనే ప్రమాణం ఉంది. 2011లో వచ్చిన ఈ ప్రమాణం ప్రకారం, ప్రాణాలకు ముప్పు తేగల సాఫ్ట్‌వేర్‌లో ఏ అవసరం ఏ కోడ్‌గా మారిందో, ఏ కోడ్ ఏ అవసరం కోసం ఉందో రెండువైపుల నుంచీ చూపించాల్సిందే.

బావ అంటే... ఏ బావ?

జాడ తీయడం అంత తేలికేం కాదు. మళ్లీ లింకు డాక్యుమెంట్ల దగ్గరికే వద్దాం. ఒక దస్తావేజులో తాతయ్య పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా ఉంటుంది. ఇంకోదాంట్లో పొడి అక్షరాలే. మూడోదాంట్లో ఊళ్లో పిలిచే పేరు. ముగ్గురూ ఒకరేనని ఇంట్లోవాళ్లకు తెలుసు. బ్యాంకు మేనేజరుకి ఎలా తెలుస్తుంది? అందుకే అఫిడవిట్ తెమ్మంటాడు.

సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. ఒకే విషయాన్ని అవసరాల జాబితాలో ఒక మాటతో, నమూనాలో ఇంకో మాటతో, కోడ్‌లో మరో మాటతో రాస్తారు. 1990ల చివర్లో వైటూకే పనిచేసిన మనవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని వెళ్లినవాళ్లు ఎవరో ఎప్పుడో రాసిన ప్రోగ్రాముల్లో తేదీలు ఎక్కడెక్కడ దాక్కున్నాయో వెతకాల్సి వచ్చింది. ఒక్కోచోట ఒక్కో పేరు. ‘తేదీ’ అన్న మాట కోసం వెతికితే దొరికేవి కొన్నే.

దీనికి తిరగేసిన చిక్కు ఇంకోటుంది... ఒకే మాటకు అనేక అర్థాలు. ‘బావ వస్తున్నాడు’ అన్నారనుకోండి. ఏ బావ? అక్క భర్తా? మేనత్త కొడుకా? భర్తకి అన్నా? అందరూ బావలే. ఇంగ్లిష్‌లోకి వెళ్తే బాబాయీ పెదనాన్నా మేనమామా అందరూ కలిసి ‘అంకుల్’ అయిపోతారు. మనింట్లో చిన్నపిల్లలకైనా ఎవరేమవుతారో తెలుసు. కంప్యూటర్‌కి తెలియదు కదా! చెప్పాలి.

అలా చెప్పడానికి రాసుకునే పట్టికే ఆంటాలజీ. ఉనికి గురించి చర్చించే తత్వశాస్త్ర విభాగానికి పెట్టిన పేరిది. కంప్యూటర్లవాళ్లు అరువు తెచ్చుకున్నారు. మన రంగంలో ఏయే విషయాలున్నాయి, ఒకదానికి ఒకటి ఏమవుతాయి అన్నదాన్ని అందరూ ఒప్పుకునేలా, విడమరిచి రాసిపెట్టుకోవడమే ఆంటాలజీ అని స్థూలంగా చెప్పొచ్చు. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన టామ్ గ్రూబర్ 1993లో ఇచ్చిన నిర్వచనం ఈ రంగంలో బాగా ప్రసిద్ధి.

నిఘంటువుకీ దీనికీ తేడా ఏంటంటారా? నిఘంటువు అర్థం చెప్పి ఊరుకుంటుంది. ఆంటాలజీ చుట్టరికం చెబుతుంది. ‘మేనమామ అంటే అమ్మకు సోదరుడు’ అని ఒక్కసారి రాసిపెడితే చాలు. ఎవరు ఎవరికి సోదరులో, ఎవరికి ఎవరు తల్లో చెబితే... ఎవరికి ఎవరు మేనమామో కంప్యూటరే తేల్చుకుంటుంది. ఇలా రాయడానికి ఓ భాష కూడా ఉంది. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూత్రీసీ సంస్థ 2004లో ఆమోదించిన ఆ భాష పేరు ఔల్... అవును, గుడ్లగూబే!

ఈ ఆలోచన మనకు మరీ కొత్తదేం కాదు. అమరకోశం చూడండి. మాటల్ని అక్షరక్రమంలో పేర్చలేదు. మొక్కలన్నీ వనౌషధి వర్గంలో, జంతువులు సింహాది వర్గంలో... ఇలా విషయాల వారీగా గుదిగుచ్చారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం సంస్కృత అధ్యయన విభాగంలో శివజ ఎస్.నాయర్, అంబా కులకర్ణి ఇదే పట్టుకున్నారు. అందులోని మాటల మధ్య ఉన్న అవయవ-అవయవి, భార్యాభర్తలు, తల్లిదండ్రులు-సంతానం లాంటి సంబంధాల్ని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా గుర్తించి 2010లో పత్రం ప్రచురించారు.

అమ్మ బస్టాండులో... మెసేజ్ అమెరికాలో!

జాడకీ ఈ చుట్టరికాల పట్టికకీ పొత్తు ఎలా కుదురుతుందో ఒక ఉదాహరణ చూద్దాం. బస్సు టికెట్ల సాఫ్ట్‌వేర్ ఒకటి తయారవుతోందనుకోండి. అవసరాల జాబితాలో ఇలా రాశారు: ‘బస్సు ఆలస్యమైతే ప్రయాణికుడికి మెసేజ్ పంపాలి.’ నమూనా గీసినవాళ్లు ప్రయాణికుడి బదులు ‘కస్టమర్’ అన్నారు. కోడ్ రాసినవాళ్లు ‘యూజర్ ఫోన్’ అన్నారు. పరీక్షించిన అమ్మాయి తన ఫోన్ నుంచి తనకే టికెట్ తీసుకుని చూసింది. మెసేజ్ వచ్చింది. పాస్!

ఇప్పుడు అమెరికాలో ఉన్న కొడుకు రాజమండ్రిలో ఉన్న అమ్మకు టికెట్ బుక్ చేశాడు. రాత్రి పదకొండు గంటలు. అమ్మ ఫోన్ చేసింది.

‘‘ఏరా, బస్సు ఇంకా రాలేదురా. ఇక్కడ దోమలు చంపేస్తున్నాయి.’’

‘‘అదేంటమ్మా, రెండు గంటలు లేటని మెసేజ్ వచ్చిందిగా!’’

‘‘నాకేం రాలేదే?’’

‘‘అయ్యో... నాకొచ్చిందమ్మా!’’

ఎవరిది తప్పు? విడివిడిగా చూస్తే ఎవరిదీ కాదు. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు. మాట చేతులు మారేకొద్దీ మనిషి మారిపోయాడంతే!

ఇదే పని ఆంటాలజీ పెట్టుకుని చేస్తే? మొదటే ఇలా రాసుకుంటారు: టికెట్ కొన్నవారు వేరు, ప్రయాణించేవారు వేరు. ఇద్దరూ ఒకరే కావచ్చు, కాకపోవచ్చు. అవసరాల జాబితాలోని మాటనీ నమూనాలోని మాటనీ కోడ్‌లోని మాటనీ ఆ పట్టికలోని ఏదో ఒకదానికి ముడివేస్తారు. మెసేజ్ అవసరం ‘ప్రయాణించేవారి’కి ముడిపడి ఉంది, కోడ్‌లోని యూజర్ ఫోన్ ‘కొన్నవారి’కి ముడిపడి ఉంది. ముడులు సరిపోలడం లేదని కంప్యూటరే చెబుతుంది. అమ్మ బస్టాండుకు వెళ్లకముందే!

లాభం అంతటితో ఆగదు. రేపు పెద్దవాళ్లకు రాయితీ ఇచ్చే వయసు మార్చారనుకోండి. ప్రయాణికుల వయసుతో పని ఉన్న ప్రతి చోటూ, పేరు ఏదైనా సరే, జాబితాగా వస్తుంది. ఏ కోడ్‌కూ ముడిపడని అవసరం కనిపిస్తే... ‘ఇది ఎవరూ చేయలేదు’ అని తెలుస్తుంది. ఏ అవసరానికీ ముడిపడని కోడ్ కనిపిస్తే... ‘నువ్విక్కడ ఎందుకున్నావు?’ అని అడగొచ్చు. ఏరియన్-5లో అడగాల్సింది సరిగ్గా ఈ ప్రశ్నే. ఆ లెక్క తాలూకు ముడి ఏరియన్-4 కౌంట్‌డౌన్ దగ్గరికి తీసుకెళ్లేది. ఆ అవసరం కొత్త రాకెట్‌కి లేదని ఎవరో ఒకరి కంట పడే అవకాశం ఉండేది.

అంకెకీ ఇంటిపేరు కావాలి

మాటలే కాదు, అంకెలూ మోసం చేస్తాయి. నాసా 1998 డిసెంబరు 11న మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌకను పంపింది. తొమ్మిది నెలలకు పైగా ప్రయాణించి 1999 సెప్టెంబరు 23న అంగారకుణ్ని చేరింది. సుమారు 226 కిలోమీటర్ల ఎత్తు నుంచి వెళ్లాల్సింది కాస్తా దాదాపు 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోయింది. మళ్లీ దాని ఆచూకీ లేదు.

కారణం? చిన్న ఇంజిన్లు మండినప్పుడు కలిగే తోపుడు లెక్కల్ని భూమ్మీది ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్లలో ఇచ్చింది. అందుకున్న సాఫ్ట్‌వేర్ న్యూటన్లలో ఉందనుకుంది. ఒక పౌండు తోపుడు దాదాపు 4.45 న్యూటన్లకు సమానం. న్యూటన్లలోనే ఇవ్వాలన్న నియమం కాగితం మీద ఉంది. అది కోడ్‌లోకి దిగిందా లేదా అని జాడ తీసినవాళ్లు లేరు. సేరా, కిలోనా అని అడక్కుండా సరుకు తూచుకున్నట్లయింది!

అంకెను ఒంటరిగా పంపకుండా కొలమానాన్ని ఇంటిపేరులా జతచేసి పంపితే ఇలాంటి తేడా దొరికిపోతుంది. కొలతలకూ కొలమానాలకూ క్యూయూడీటీ అనే ఆంటాలజీ ఉంది. అది మొదలైందీ నాసా అవసరాల కోసమే.

వైద్యంలోనూ ఇలాంటి పట్టిక ఉంది. స్నోమెడ్ సీటీ దాని పేరు. ఒక డాక్టరు ‘హార్ట్ ఎటాక్’ అని రాయొచ్చు, ఇంకొకరు ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్‌క్షన్’ అనొచ్చు. పట్టికలో రెండూ ఒకటే, సంఖ్య 22298006. మూడు లక్షలకు పైగా వైద్య విషయాలకు ఇలా సంఖ్యలూ వాటి మధ్య చుట్టరికాలూ ఉన్నాయి. 2014లో మన దేశం కూడా ఇందులో సభ్యురాలైంది. ఓ ఆసుపత్రి కంప్యూటర్ రాసింది ఇంకో ఆసుపత్రి కంప్యూటర్‌కి సరిగ్గా అర్థంకావాలంటే ఇలాంటిది ఉండాల్సిందే మరి.

మంత్రదండమేం కాదు

ఇంత లాభముంటే అందరూ ఎందుకు చేయరు? ఖర్చు. ఓపిక. పట్టిక రాయాలంటే పది విభాగాలవాళ్లు కూర్చోవాలి. ‘కస్టమర్ అంటే ఎవరు’ అన్నదాని మీదే రోజుల తరబడి వాదించుకుంటారు. ఒకసారి రాస్తే అయిపోయేదీ కాదు. పెళ్లిళ్లూ పుట్టుకలూ చేర్చకపోతే వంశవృక్షం పాతబడిపోతుంది కదా, ఇదీ అంతే. గడువు నెత్తిమీదికి వచ్చినప్పుడు మొదట పక్కనపెట్టేది ఈ పనే. పాతబడిన పట్టిక అసలు లేకపోవడం కన్నా ప్రమాదం... ఉందన్న ధీమాతో వెతకడం మానేస్తాం కాబట్టి.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. వేల పేజీలు చదివి ‘ఈ అవసరానికి ఈ కోడే’ అని చిటికెలో చూపిస్తోంది. చాలా శ్రమ తగ్గిస్తోంది కూడా. కానీ అది చెప్పేది ఊహ. పోలికను బట్టి చుట్టరికం కలిపేస్తుంది, నమ్మకంగా చెబుతుంది. పెళ్లిలో ఎవరో పెద్దాయన ‘నువ్వు ఫలానావాళ్ల అబ్బాయివి కదూ’ అన్నట్లు... ఒక్కోసారి నిజమే, ఒక్కోసారి కాదు. చివరికి సరిచూసి ఔననాల్సింది మనిషే. సరిచూడ్డానికీ అందరూ ఒప్పుకున్న పట్టిక ఒకటి చేతిలో ఉండాలి.

చిన్న సంస్థలు ఇంత హంగామా చేయక్కర్లేదు. ముఖ్యమైన పది ఇరవై మాటలకు అర్థమేంటో అందరూ కూర్చుని ఒక పేజీలో రాసుకోవచ్చు. కోడ్ మార్చిన ప్రతిసారీ ‘ఎవరు అడిగారు, ఎందుకు మార్చాం’ అని ఒక్క వాక్యం జతచేయొచ్చు. ఆ వాక్యం రాయడానికి ఎంతోసేపు పట్టదు. లేకపోతే అయిదేళ్ల తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న ఎవరో కుర్రాడికి వారాలు పడుతుంది.

ఏరియన్ కథ విషాదంగానే ముగిసిపోలేదు. తప్పుల్ని సరిదిద్దారు. అదే ఏరియన్-5 2023లో విరమించేనాటికి 117 సార్లు ఎగిరింది. 2005లో మన ఇన్‌శాట్-4ఏని, 2021లో జేమ్స్ వెబ్ టెలిస్కోపునీ మోసుకెళ్లింది. పోయిన క్లస్టర్ ఉపగ్రహాల స్థానంలో మళ్లీ నాలుగింటిని తయారుచేసి 2000లో బైకనూర్ నుంచి పంపారు. అవి ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాయి.

ఈసారి బీరువాలోంచి పాత దస్తావేజులు తీసినప్పుడు ఒక్కసారి గమనించండి. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎందుకు ఇచ్చారో... తాతల కాలంలోనే విడమరిచి రాసిపెట్టారు. తర్వాత చదివేవాళ్లకు తాము అందుబాటులో ఉండమని వాళ్లకు తెలుసు మరి!